నాన్నకు రోమ్ చూడాలని, అమ్మకు మోకాళ్ళ నొప్పి

జర్మనీలోని మ్యూనిక్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరంలోని విషయం ఇది.

ఆమెకు 36 ఏళ్ళు. భర్త, ఏడేళ్ళ బాబు ఉన్నారు. పెళ్ళయి అక్కడికి వెళ్ళిన తొమ్మిదేళ్ళకు అమ్మా నాన్నా మొదటిసారి ఆమె ఇంటికి వచ్చారు. నాన్నగారికి 67 ఏళ్ళు. కృష్ణా జిల్లాలో ఘంటసాలకు దగ్గరి ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూలులో ముప్ఫై ఏళ్ళకు పైగా సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. అమ్మగారికి 62. రెండు మోకాళ్ళూ అరిగాయి, మెట్లు తగ్గించమని డాక్టరు చెప్పారు. చదునైన నేల మీద అరగంట నడవగలరు, ఆ తర్వాత ఎక్కడో ఒకచోట కూర్చోవాలి.

వచ్చిన వారానికి నాన్నగారు టీ తాగుతూ, “ఇక్కడి నుంచి రోమ్ ఎంత దూరం?” అని అడిగారట. ఒక్కసారే అడిగారు. అల్లుడుగారు ఆ మాట గుర్తుపెట్టుకుని, నవంబరు ఒకటో తేదీకి అటూ ఇటుగా బడికి వచ్చే సెలవుల్లో నాలుగు రోజులకు ఐదు విమాన టికెట్లు కొనేశారు. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాని టికెట్లు. తర్వాత ఒక శని, ఆదివారాలు కూర్చుని కంప్యూటర్‌లో గంటగంటకూ పట్టిక తయారు చేశారు. నాలుగు రోజుల్లో పంతొమ్మిది చోట్లు. దాన్ని హాల్లో టీవీ మీద పెట్టి చూపించారు. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని పై నుంచి కింది దాకా చదివారు. అమ్మగారు మధ్యలోనే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి అమ్మగారు కూతురితో, “మీరు వెళ్ళి రండమ్మా. నేను ఇంట్లో ఉంటాను. ఆ రాళ్ళూ గోడలూ నాకేం తెలుస్తాయి?” అన్నారు. మర్నాడు నాన్నగారు, “ఆవిడ రాకుండా నేనెందుకు? పుస్తకాల్లో చూశాను కదా” అన్నారు. అల్లుడుగారు ఏమీ అనలేదు కానీ మనసు కష్టపెట్టుకున్నారు. ఇది చాలదన్నట్టు హైదరాబాద్ నుంచి అత్తగారు ఫోనులో, “మేం వచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళే చూపించారు, మీ వాళ్ళకు రోమా?” అన్నారు. దీనికి తోడు, నాన్నగారు ఏ ధర చూసినా వందతో హెచ్చవేసి రూపాయల్లో చెబుతున్నారు. మొన్న ఒక హోటల్లో కాఫీ ధర చూసి, తనకు తాగాలని లేదని చెప్పి మంచినీళ్ళు తాగారట.

“ప్రయాణం మానేయాలా? అమ్మకు సులువుగా ఉండే వియెన్నాకు మార్చుకోవాలా? నాన్నను ఒక్కరినే పంపాలా? ఎవరి మాట వింటే ఎవరు బాధపడతారో ఆలోచిస్తూ నిద్ర పట్టడం లేదు” అని ఉత్తరం ముగించారు.

*

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది అమ్మగారు లేచి వంటింట్లోకి వెళ్ళిన ఆ నిమిషం. అక్కడి నుంచి మొదలుపెడతాను.

మీ అమ్మగారు రోమ్ వద్దనలేదు. తన వల్ల మీ అందరి నాలుగు రోజులూ పాడవుతాయేమోనని భయపడ్డారు. ఆ పట్టికలో ఉదయం ఎనిమిదికి ఒకటి, తొమ్మిదిన్నరకు ఒకటి, పదకొండుకు ఒకటి అని చూస్తున్నప్పుడు ఆవిడకు కట్టడాలు కనిపించి ఉండవు. ముందు మీరంతా నడుస్తూ, వెనక్కి తిరిగి తన కోసం ఆగుతూ ఉండడం కనిపించి ఉంటుంది. “నాకేం తెలుస్తాయి” అన్న మాటను మాత్రం నిజమని తీసుకోకండి. మన అమ్మలు అడ్డం తప్పుకోవడానికి వాడే మాట అది.

ఇది నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు. కొన్నేళ్ళ క్రితం మా అమ్మను పారిస్ తీసుకెళ్ళాను, మూడు రోజులకు. మొదటి రోజు సాయంత్రం దాకా తిప్పాను. “బాగానే ఉన్నావా అమ్మా?” అని నేను అడిగిన ప్రతిసారీ “బాగానే ఉన్నానే” అంది. రాత్రి గదిలో మంచం అంచున కూర్చుని మేజోళ్ళు విప్పుతుంటే చూశాను. ఎడమ మడమ దగ్గర రూపాయి బిళ్ళంత చర్మం లేచిపోయి, మేజోడు దానికి అంటుకుపోయి ఉంది. తడి గుడ్డతో నానబెట్టి తీయాల్సి వచ్చింది. “పొద్దుటి నుంచీ చెప్పవేం?” అంటే, “ఇంత ఖర్చు పెట్టి తీసుకొచ్చావు, కాలు నొప్పి అని ఎలా చెప్పను?” అంది. మర్నాడంతా గదిలోనే ఉన్నాం. “బాగానే ఉన్నావా?” అన్నది తల్లిని అడగవలసిన ప్రశ్న కాదని ఆ రోజు తెలుసుకున్నాను. దానికి వాళ్ళ దగ్గర ఒకే జవాబు ఉంటుంది.

అందుకని ముందు అమ్మగారితో మాట్లాడండి. హాల్లో అందరి ముందు వద్దు. మీరిద్దరూ కూర తరుగుతూనో, బట్టలు మడతపెడుతూనో ఉన్నప్పుడు అడగండి. వస్తావా, రావా అని అడగకండి. “అమ్మా, మెట్లంటే భయమా? జారి పడతానని భయమా? బాత్రూము దొరకదనా? అక్కడి తిండి పడదనా?” అని ఒక్కొక్కటిగా అడగండి. భయానికి పేరు పెడితే వాళ్ళు చెప్పగలుగుతారు. బాత్రూము సంగతి తప్పకుండా అడగండి. ఊరు కాని ఊళ్ళో ఎక్కడ వెళ్ళాలో తెలియక, పొద్దుటి నుంచీ గుక్కెడు నీళ్ళు కూడా తాగకుండా తిరిగే ఆడవాళ్ళు మన ఇళ్ళలో ఎంతోమంది ఉన్నారు. రోమ్‌లో దానికి తేలికైన దారి ఉంది. అక్కడ అడుగడుగునా చిన్న కాఫీ దుకాణాలు ఉంటాయి. వాటిని బార్ అంటారు, మనం అనుకునే అర్థంలో కాదు. నిలబడి ఒక కాఫీ తాగి, బాత్రూము అడిగి వాడుకోవచ్చు. కూర్చుంటే ధర ఎక్కువ, గల్లా దగ్గర నిలబడి తాగితే తక్కువ. నాన్నగారికి ఈ సంగతి చెబితే కాఫీ కూడా తాగుతారు.

ఇక మీ ముందున్న దారుల గురించి.

ప్రయాణం మానేయడం ఒక దారి. డబ్బు పోతుంది, అది చిన్న నష్టం. పెద్ద నష్టం ఏమిటంటే, ఆ ఇంట్లో ఇక మీదట “నా వల్లే ఆగిపోయింది” అని అమ్మగారూ, “నేను అడగకుండా ఉండాల్సింది” అని నాన్నగారూ, “నేను చేసింది ఎవరికీ నచ్చలేదు” అని మీ భర్తా అనుకుంటూ ఉంటారు. డాక్టరు ప్రయాణమే వద్దంటే తప్ప ఈ దారి పట్టవద్దని నా మనవి.

వియెన్నాకు మార్చుకోవడం రెండోది. అమ్మగారి వైపు నుంచి చూస్తే ఇది నిజంగా మంచి ఆలోచన. మ్యూనిక్ నుంచి నేరుగా రైలు ఉంది, సుమారు నాలుగు గంటలు. విమానాశ్రయంలో నడక లేదు. ఊరి నడిబొడ్డు చాలావరకు చదునుగా ఉంటుంది, నేలకు దగ్గరగా ఉండే ట్రాములు ఎక్కి కిటికీలోంచే సగం ఊరు చూడవచ్చు. షోన్‌బ్రున్ రాజభవనం తోటలో బెంచీ మీద ఒక పూట హాయిగా గడిచిపోతుంది. కానీ నాన్నగారు వియెన్నా ఎంత దూరమని అడగలేదు. ఆయన వస్తారు, బాగుందంటారు, అల్లుడికి కృతజ్ఞతలు చెబుతారు. రోమ్ మాట మళ్ళీ ఎత్తరు. వీసా గడువు తీరి నవంబరు చివర్లో వాళ్ళు వెళ్ళిపోతే, మళ్ళీ రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో మీరే ఆలోచించండి. అమ్మగారితో మాట్లాడాక, విమానం ఎక్కడమే తనకు కష్టమని తేలితే వియెన్నాను ఎంచుకోండి. మోకాళ్ళ భయం ఒక్కటే అయితే దానికి రోమ్‌లోనూ మందు ఉంది.

మూడోది, నాన్నగారినీ అల్లుడుగారినీ పంపి, మీరు అమ్మగారితో ఉండిపోవడం. మామా అల్లుళ్ళు కలిసి తిరగడం మంచిదే. కానీ ఈ మాట అమ్మగారి నోట మనస్ఫూర్తిగా రావాలి. “నువ్వూ నేనూ నాలుగు రోజులు కబుర్లు చెప్పుకుందాం, వాళ్ళు వెళ్ళి రానీ” అని ఆవిడ సంతోషంగా అంటే సరే. అలా కాకుండా త్యాగం చేసి ఉండిపోతే మాత్రం నాన్నగారు కొలోసియం ముందు నిలబడి కూడా మీ ఇంటికి ఫోను చేస్తూనే ఉంటారు. నలభై ఏళ్ళ సంసారం చేసిన మనుషుల్ని అలా విడదీసి సుఖపెట్టలేం.

నాలుగో దారి నాకు ఎక్కువ నచ్చింది. ఐదుగురూ రోమ్ వెళ్ళండి, కానీ ఐదుగురూ పొద్దస్తమానం కలిసే తిరగాలన్న నియమం తీసేయండి. పట్టికలో నన్ను కంగారు పెట్టింది పంతొమ్మిది అన్న అంకె కూడా కాదు. ప్రతి గడిలోనూ అందరూ ఉన్నారు, అది. ఉదయం ఒక ముఖ్యమైన చోటు, మధ్యాహ్నం భోజనం చేసి గదిలో నడుం వాల్చడం, సాయంత్రం దగ్గరలో ఒక చిన్న తిరుగుడు. ఉదయం పూట ఎవరు ఎటు వెళ్ళినా భోజనం దగ్గర కలవండి. అమ్మగారి పక్కన ఎప్పుడూ ఒకరు ఉండాలి, ఆ ఒకరు మారుతూ ఉండాలి. లేకపోతే నాలుగు రోజులూ ఆ పని మీదే అవుతుంది, చివరికి రోమ్ చూడనిది మీరే అవుతారు.

దీనికీ ఒక ఖర్చు ఉంది. చాలా చోట్లు వదులుకోవాలి. మీ భర్త చేసిన పట్టికలో సగానికి పైగా కొట్టేయాలి. ఆ పని మీరు చేయకండి, ఆయన చేతనే చేయించండి. ఆయన మామగారు టీ తాగుతూ అన్న ఒక్క మాట పట్టుకుని టికెట్లు కొన్న మనిషి. ఆ ప్రేమను ముందు గుర్తించి, “నాన్న అడిగింది మీరు గుర్తుపెట్టుకున్నారు, నాకెంతో సంతోషంగా ఉంది. ఇప్పుడు అమ్మ మోకాళ్ళకు తగ్గట్టు దీన్ని మీరే మార్చగలరు” అని చెప్పండి. ఏ చోట మెట్లు ఎన్ని, ఎక్కడ కూర్చోవచ్చు, ఎక్కడ లిఫ్టు ఉంది అన్నది వెతికే పని ఆయనకు ఇవ్వండి. పట్టికలు వేసే మనసున్నవాళ్ళకు అలాంటి పని ఇష్టంగా ఉంటుంది. ఒక ఉదయం ఆయన కోసమే వదలండి. బాబును తీసుకుని సెయింట్ పీటర్స్ చర్చి గుమ్మటం ఎక్కమనండి, మొత్తం 551 మెట్లు. లిఫ్టులో కొంత దూరం వెళ్ళినా ఇంకా 320 ఎక్కాలి. బాబు ఆ లెక్క జన్మలో మర్చిపోడు.

నాన్నగారి కోసం ఏం ఉంచాలో చెబుతాను.

కొలోసియం ఉండాలి. చక్రవర్తి వెస్పేసియన్ మొదలుపెట్టగా కొడుకు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించిన పాతకాలపు పోటీల రంగస్థలం. యాభై వేల మంది పట్టేదని మీ నాన్నగారు ఎన్ని తరగతులకు చెప్పి ఉంటారో. లోపలి మెట్లు నిటారుగా ఉంటాయి, కానీ నడవలేని వారికి పై అంతస్తుకు లిఫ్టు ఉంది, అక్కడి సిబ్బందిని అడగాలి. అమ్మగారు లోపలికి వచ్చి, లిఫ్టులో ఒకసారి పైకి వెళ్ళి చూసి, ఒకచోట కూర్చోవచ్చు. అదే టికెట్టు మీద పక్కనే ఉన్న ఫోరం, అంటే పాత రోమ్ నడిబొడ్డు కూడలి శిథిలాలు, పాలటైన్ కొండ కూడా చూడవచ్చు. ఫోరంలోకి మాత్రం అమ్మగారిని దింపకండి. రెండు వేల ఏళ్ళు అరిగిన పెద్ద పెద్ద బండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, వాన పడితే జారుతాయి. నవంబరు రోమ్‌లో వానలు బాగా పడే నెల. నాన్నగారిని మీరు ఒక్కరే తీసుకెళ్ళండి. తండ్రీ కూతుళ్ళు ఇద్దరే. అమ్మగారు, మీ భర్త, బాబు ఆ పక్కన రోడ్డు కాలిబాట మీద నుంచి అదే శిథిలాలను కిందికి చూడవచ్చు. ఆ కాలిబాట చదునుగా ఉంటుంది.

ఫోరంలో జూలియస్ సీజర్‌ను దహనం చేసిన చోట ఒక చిన్న రేకు కప్పు కింద మట్టి దిబ్బలాంటిది మిగిలి ఉంది. ఈ రోజుకీ ఎవరో ఒకరు అక్కడ పూలు పెట్టి వెళుతుంటారు. నాన్నగారిని అక్కడ కాసేపు వదిలేయండి. ఫోటోకు తొందరపెట్టకండి. ముప్ఫై ఏళ్ళు నల్లబల్ల మీద పేర్లు రాసిన మనిషి ఆ చోటుకు వచ్చి నిలబడ్డారు.

ఇంకొక సంగతి. ఘంటసాల పక్క ఊరి మాస్టారు రోమ్ చూడాలనుకోవడంలో మీరు గమనించారో లేదో, ఒక పాత బంధుత్వం ఉంది. రెండో శతాబ్దంలో గ్రీకు పండితుడు టాలమీ రాసిన భూగోళ గ్రంథంలో మన తీరంలోని ‘కంటకస్సుల’ అనే రేవు పేరు కనిపిస్తుంది. అది మన ఘంటసాలేనని చరిత్రకారులు చెబుతారు. అంతకుముందే ఒక గ్రీకు నావికుడు కృష్ణా ముఖద్వారం దగ్గరి ప్రాంతాన్ని ‘మసాలియా’ అని రాసి, అక్కడ సన్నని నూలు బట్టలు నేస్తారన్నాడు. భారతదేశానికి ఏటా 5 కోట్ల సెస్టెర్సుల (అప్పటి రోమన్ నాణేల) సొమ్ము తరలిపోతోందని రోమన్ పండితుడు ప్లినీ వాపోయాడు. ఫోరం పక్కనే చక్రవర్తి డొమిషియన్ కట్టించిన మిరియాల గోదాములు ఉండేవి. తర్వాత వాటి మీదే మాక్సెంటియస్ బసిలికా అనే పెద్ద సభామందిరం కట్టారు. దాని మూడు పెద్ద కమానులు ఇప్పటికీ ఆకాశం కింద నిలబడి ఉన్నాయి. ఆ కమానుల ముందు నాన్నగారిని, “ఈ గోదాముల్లోకి మన వైపు నుంచి ఏం వచ్చేవి నాన్నా?” అని అడగండి. మిగతాది ఆయన చెబుతారు. అదే పాఠం భోజనం దగ్గర బాబుకు కూడా చెప్పమనండి. తాతగారు పాఠం చెప్పడం వాడు ఇంతవరకు చూసి ఉండడు.

అందరూ కలిసి చూడవలసింది పాంథియాన్. గుడిగా కట్టి, తర్వాత చర్చిగా మారింది. అందుకే దాదాపు 1,900 ఏళ్ళుగా చెక్కుచెదరలేదు. లోపల నేల చదును, కూర్చోవడానికి బెంచీలు ఉంటాయి. అమ్మగారికి ఇంతకంటే అనువైన చోటు రోమ్‌లో లేదు. గుమ్మటం వెడల్పు 43 మీటర్ల పైమాటే, నేల నుంచి ఎత్తూ అంతే. లోపల ఇనుప ఊచ ఒక్కటి లేని కాంక్రీటు. నడినెత్తిన కప్పు లేని గుండ్రటి రంధ్రం. ఎండ ఉన్న రోజు అందులోంచి ఒక వెలుగు బిళ్ళ లోపలికి పడుతుంది. వేసవిలో అది నేల దాకా దిగుతుంది కానీ, మీరు వెళ్ళే రోజుల్లో సూర్యుడు కిందుగా ఉంటాడు కనుక గుమ్మటం లోపలి గడుల మీదే మెల్లగా జరుగుతూ పోతుంది. అమ్మగారిని బెంచీ మీద కూర్చోబెట్టి ఆ వెలుగు ఒక గడి నుంచి పక్క గడికి దాటేదాకా చూడమనండి. వాన పడితే ఇంకో సంగతి చూడవచ్చు. చినుకులు ఆ రంధ్రంలోంచి నేరుగా లోపలికి పడి, నేలలో చేసిన చిన్న చిన్న బెజ్జాల్లోంచి కిందికి పోతాయి. మన మండువా లోగిలి తెలిసిన మనిషికి అది ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు.

అక్కడి నుంచి ఐదు నిమిషాల నడకలో, రోడ్డు మధ్య గోతిలాంటి చోట కొన్ని గుళ్ళ శిథిలాలు, వాటి మధ్య పిల్లులు కనిపిస్తాయి. సీజర్‌ను పొడిచి చంపిన సభామందిరం ఆ పక్కనే ఉండేది. పైన కటకటాల దగ్గర నిలబడి చూస్తే చాలు. డబ్బూ అక్కర్లేదు, మెట్లూ లేవు.

వాటికన్ మ్యూజియంలను నేనైతే తీసేస్తాను. గంటల తరబడి నడక, విపరీతమైన జనం. మైకెలాంజెలో చిత్రించిన సిస్టీన్ చాపెల్ కప్పు చూడాలని నాన్నగారికి గట్టిగా ఉంటే, ఒక పూట పూర్తిగా దానికే ఇచ్చి, అక్కడ ఉచితంగా ఇచ్చే చక్రాల కుర్చీ అమ్మగారి కోసం తీసుకోండి. నవంబరు 1న, నెలలో చివరిది తప్ప మిగతా ఆదివారాల్లో ఆ మ్యూజియంలు మూసి ఉంటాయి, మీ తేదీలకు అది అడ్డం వస్తుందేమో చూసుకోండి. సెయింట్ పీటర్స్ చర్చికి టికెట్టు లేదు, తనిఖీ వరుస ఉంటుంది, పొద్దున్నే వెళితే తక్కువ. స్పానిష్ మెట్లు పైకి ఎక్కనక్కరలేదు, వాటి మీద కూర్చోవడానికీ వీల్లేదు, జరిమానా వేస్తారు. ట్రెవీ ఫౌంటెన్ రాత్రి భోజనం తర్వాత చాలు.

చక్రాల కుర్చీ మాట వచ్చింది కాబట్టి విమానాశ్రయం గురించి చెబుతాను. యూరప్ చట్టం ప్రకారం నడవడం కష్టమైన ప్రయాణికులకు విమానాశ్రయంలో సాయం ఉచితంగా అందించాలి. బయల్దేరడానికి కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు చెప్పాలి. “నాకేం రోగం, కుర్చీలో కూర్చోవడానికి?” అని అమ్మగారు అంటారు. ఆ మాటకు నొచ్చుకోకండి. “రోమ్‌లో నడవడానికి ఈ మోకాళ్ళను దాచుకోవాలి అమ్మా, ఇక్కడ ఖర్చు చేయొద్దు” అనండి. ఒప్పుకోకపోతే బలవంతం వద్దు.

చెప్పులు మాత్రం బలవంతంగానైనా మార్పించండి. రోమ్ వీధుల్లో చాలా చోట్ల నల్లటి చిన్న రాళ్ళు పరిచి ఉంటాయి, సందులు ఎక్కువ, మన చెప్పులు అందులో మడతపడతాయి. చీర కింద బూట్లు ఏమిటని ఆవిడకు సిగ్గుగా ఉంటుంది. ఈ వారమే కొని, మీ వీధిలో రోజూ పావుగంట నడిపించండి. ఆ సిగ్గు ఊళ్ళోనే తీరిపోతుంది, కొత్త బూట్లు కరిచే బెడదా తీరుతుంది. మా అమ్మ మడమ చూశాక ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా విననని మీకు అర్థమయ్యే ఉంటుంది.

గది దగ్గర తొందరపడకండి. లిఫ్టు ఉందా అని అడిగి ఊరుకోకండి, లిఫ్టు దాకా ఎన్ని మెట్లు ఉన్నాయో అడగండి. పాత భవనాల్లో వీధి గుమ్మం నుంచి లిఫ్టుకు పదేసి మెట్లు ఉంటాయి. పాంథియాన్ చుట్టుపక్కల ఉంటే నడక తగ్గుతుంది, అద్దె పెరుగుతుంది. టెర్మినీ స్టేషను దగ్గర, పియాజ్జా విత్తోరియో వైపు చవక. అక్కడి మార్కెట్టులో మన బియ్యం, కొత్తిమీర, పచ్చిమిర్చి దొరుకుతాయి. స్టేషను చుట్టూ రాత్రి పూట కాస్త జాగ్రత్తగా ఉండాలి. నేనైతే మధ్యాహ్నం గదికి తిరిగి రావడం ముఖ్యం కాబట్టి కొంచెం ఎక్కువైనా నడిబొడ్డునే తీసుకుంటాను. టాక్సీలో మామూలుగా నలుగురినే ఎక్కించుకుంటారు, మీరు ఐదుగురు. పెద్ద బండి కావాలని ముందే అడగండి. విమానాశ్రయం నుంచి పాత నగరంలోకి వచ్చే తెల్ల టాక్సీలకు నిర్ణయించిన ధర బండికి, మనిషికి కాదు.

జేబుదొంగల సంగతి అందరూ చెబుతారు, నిజమే, ముఖ్యంగా మెట్రోలోనూ జనం నిండిన బస్సుల్లోనూ. అమ్మగారి మిగతా బంగారం మ్యూనిక్‌లోనే ఉంచండి. మంగళసూత్రం తీయమని అడగకండి, చలికోటు బొత్తాలు మెడ దాకా పెట్టుకుంటే చాలు.

తిండికి భయపడనక్కరలేదు. ఎండుమిర్చి, టమాటాలతో చేసే అరబ్బియాతా అనే పాస్తా మన నోటికి బాగానే తగులుతుంది. జున్ను కలపకుండా ఇమ్మని అడగవచ్చు. శుద్ధ శాకాహారులైతే అక్కడి పెకొరీనో జున్నులో జంతువుల పొట్టలోంచి తీసిన పదార్థం కలుస్తుందని తెలుసుకుని ఉండండి. వంటిల్లు ఉన్న గది తీసుకుంటే ఒక పూట అన్నం, పెరుగు, ఆవకాయతో గడిచిపోతుంది. ఆవకాయ సీసా చేతిసంచిలో పెడితే తనిఖీలో తీసేయవచ్చు, లోపలికి వేసే పెట్టెలో పెట్టండి. కానీ మూడు పూటలా అమ్మగారు వండుతూ ఉంటే ఆవిడ మ్యూనిక్ వంటింట్లోంచి రోమ్ వంటింట్లోకి వెళ్ళినట్టే.

బాబుకు ఒక పని ఇవ్వండి. వీధుల్లో ముక్కులాంటి గొట్టంతో నీళ్ళు ధారగా పడే చిన్న ఇనుప స్తంభాలు ఉంటాయి, రోమ్‌లో రెండు వేలకు పైగా. తాగే నీళ్ళే. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిల్లిలోంచి నీళ్ళు వంపు తిరిగి పైకి చిమ్ముతాయి, నోరు పెట్టి తాగవచ్చు. అమ్మమ్మ సీసా నింపే బాధ్యత వాడిది. అమ్మగారు నీళ్ళు తాగకుండా తప్పించుకోలేరు.

డబ్బు గురించి. నాన్నగారి దగ్గర ధరలు దాచకండి, కనిపెట్టేస్తారు. ఆయన చేతుల మీదుగా ఒక ఖర్చు జరగనివ్వండి. కొలోసియం టికెట్లు ఐదూ ఆయనే కొంటానంటే వద్దనవద్దు. అల్లుడి సొమ్ముతో తిరుగుతున్నానన్న బాధ కొంతైనా తగ్గుతుంది.

అత్తగారి మాటకు జవాబు మీరు చెప్పకండి, మీ భర్త చెప్పాలి. ఆవిడ నొచ్చుకోవడంలో న్యాయం ఉంది, దాన్ని కొట్టిపారేయవద్దు. “వాళ్ళకు రోమ్ ఎందుకు” అన్న దానికి సమాధానం వెతకడం కంటే, “నీకు ఏ ఊరు చూడాలని ఉందమ్మా?” అని కొడుకు అడగడం మేలు. బహుశా ఆవిడను కూడా ఎవరూ అడిగి ఉండరు. అడిగాక మాత్రం తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళే ఉద్దేశం లేకపోతే అడగవద్దు.

ఇక కాగితాలు. జర్మనీ ఇచ్చిన షెంజెన్ వీసా మీద ఇటలీ వెళ్ళడానికి వేరే అనుమతి అక్కర్లేదు. పాస్‌పోర్టులు మాత్రం వెంట ఉండాలి. వాళ్ళ ప్రయాణ బీమా ఆ తేదీలకు చెల్లుతుందా, పాత జబ్బులకు వర్తిస్తుందా చూడండి. అమ్మగారి డాక్టరుకు ఒకసారి ఫోను చేసి, ఎక్కువ నడిచిన రోజు ఏ మందు వేసుకోవచ్చో, ఏది వద్దో అడిగి రాసిపెట్టుకోండి.

తొందరగా చేయవలసిన పని ఒకటుంది. కొలోసియం టికెట్లు మనిషి పేరు మీద, ఫలానా గంటకు ఇస్తారు, సుమారు నెల రోజుల ముందు అమ్మకానికి పెడతారు. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు మారాక అక్కడ సాయంత్రం నాలుగున్నరకే మూసేస్తారు, కనుక ఉదయం వేళే తీసుకోండి. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం, కానీ ఆ జనంలోకి అమ్మగారిని తీసుకెళ్ళవద్దు. అంటే అమ్మగారితో మీ మాట ఈ వారమే జరిగిపోవాలి. ఆవిడ సరేనంటే, టికెట్లు తీసేటప్పుడు నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆయన పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించకుండా, పూర్తిగా రాయండి. ద్వారం దగ్గర రెండూ పోల్చి చూస్తారు.